గట్టు మీద కరిగించింది టిఫిన్ సెంటర్లో తినేయొచ్చా?

పొద్దున్నే కాలవ గట్టు మీద గంట నడిచి చేతి వాచీ చూసుకుంటే 420 కేలరీలని చూపిస్తుంది. ఇక నడక బ్యాచ్ అంతా నేరుగా సెంటర్లో టిఫిన్ బండి దగ్గర తేలతాం, "నాలుగొందలు కరిగించాం కదండీ, ఒక్క ఉప్మా పెసరట్టు తింటే ఏమవుద్ది" అనుకుంటూ. ఏమీ అవదు, సమస్య కూడా అదే. మూడు నెలలు వానలోనూ మానకుండా నడిచాను, బరువు 82 కిలోల దగ్గరే మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

అందుకే జవాబు ముందే చెప్పేస్తున్నా. రోజూ చేసే గంట నడకలో కరిగిన కేలరీల్ని తిరిగి తినక్కర్లేదు. గంటన్నర, రెండు గంటలు గట్టిగా ఒళ్ళు వంచిన రోజు కరిగినదాంట్లో సగం వరకూ తినండి. బరువు తగ్గాలనుకున్నంతకాలం వాచీ చూపించిందంతా తినకండి. అయితే మీ రోజువారీ కేలరీల అంకె ఎలా వచ్చిందో చూడకుండా ఇది పాటిస్తే తప్పులో కాలేస్తారు, ముందు అది తేల్చుకోవాలి.

రోజుకి ఎన్ని కేలరీలు తినాలో చెప్పే చాలా యాప్‌లు వాడే లెక్క 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం. కిలోల్లో బరువుని 10తోనూ, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తోనూ గుణించి కలపాలి, అందులోంచి వయసుని 5తో గుణించి తీసేయాలి, మగవాళ్ళైతే చివర 5 కలపాలి, ఆడవాళ్ళైతే 161 తీసేయాలి. నావి 82 కిలోలు, 170 సెంటీమీటర్లు, 38 ఏళ్ళు. సుమారు 1,700 వచ్చింది. రోజంతా మంచం మీద పడుకున్నా ఒంటికి అయ్యే ఖర్చు అది. దీన్ని మళ్ళీ మన పనిని బట్టి గుణించాలి, కూర్చుని చేసే పనైతే 1.2, వారంలో కొన్ని రోజులు తేలికపాటి ఎక్సర్‌సైజ్ ఉంటే 1.375. మొదటిదైతే 2,040, రెండోదైతే దాదాపు 2,340. ఆ మధ్యలో ఉన్న మూడొందలు ఏమిటనుకున్నారు? నా నడకే! యాప్‌లో "తేలికపాటి ఎక్సర్‌సైజ్" అని నేను టిక్ పెట్టినప్పుడే దాన్ని కలిపేసింది. బరువు తగ్గడానికని అందులోంచి 500 తీసి రోజుకి 1,840 తినమంది. నేను ఆ 1,840 తిని, పైన వాచీ చెప్పిన నాలుగొందలూ తినేవాణ్ణి. ఒకే నడకకి రెండుసార్లు కూలి తీసుకున్నట్టు. మిగిలిన లోటు, అంటే ఖర్చు కంటే తక్కువ తిన్నది, వంద, అది మధ్యాహ్నం ముద్దపప్పులో వేసుకునే రెండు చెంచాల నెయ్యికి సరి.

కాబట్టి యాప్ తెరిచి, మొదట్లో ఏ ఆప్షన్ నొక్కారో చూడండి. ఎక్సర్‌సైజ్ కలిపిన అంకె అయితే తిరిగి తినడమనే మాటే లేదు. కూర్చుని చేసే పని అని పెట్టి ఉంటేనే కింద చెప్పేదంతా. వరి నాట్లు వేసేవాళ్ళు, మిల్లులో బస్తాలు మోసేవాళ్ళు, రోజంతా కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు ఆ పనిని విడిగా ఎక్సర్‌సైజ్‌లా రాయకూడదు, గుణించే అంకెనే 1.7 చుట్టుపక్కల పెట్టుకోవాలి. వాళ్ళకి నా బోటి కుర్చీవాడి లెక్క పనికిరాదు.

ఇప్పుడు వాచీ సంగతి. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు రకాల చేతి బ్యాండ్లు పరీక్షించి చూశారు. గుండె వేగాన్ని ఏడింటిలో ఆరు బాగానే చెప్పాయి గానీ, కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే నయమైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం. ఇంకో మెలిక ఏంటంటే, ఆ గంట మీరు ఇంట్లో కూర్చున్నా ఖర్చయ్యే డెబ్బయ్యో ఎనభయ్యో కేలరీల్ని కూడా వాచీ తరచు నడక ఖాతాలోనే చూపిస్తుంది.

నేను వాడేది మోటు లెక్క. సాఫీ నేల మీద నడకకి కిలో బరువుకి కిలోమీటరుకి అర కేలరీ, పరుగుకి ఒక కేలరీ. 82 కిలోల నేను ఐదు కిలోమీటర్లు నడిస్తే 205. వాచీ చెప్పిన 420కి సగం కూడా లేదు. మరి పెసరట్టు? ఇంట్లో ఒకసారి కొలిచి చేశాను: పెసలు 50 గ్రాములు, నూనె 10, ఉప్మా రవ్వ 40, అందులో నెయ్యి 10. అన్నీ కలిపితే 490 దాటింది, బెల్లం వేసిన అల్లప్పచ్చడి ఇంకా కలపలేదు. బండి మీద నూనె మా ఇంట్లోలా చెంచాతో పోయరు కదా.

ఇంకోటి కూడా గమనించండి. పొద్దున నడిచిన గర్వంతో మధ్యాహ్నం ఫ్యాన్ కింద రెండు గంటలు నిద్ర, పక్క వీధిలో కొట్టుకి కూడా బండి మీదే. పొద్దున ఖర్చు పెట్టినదాన్ని ఒళ్ళు సాయంత్రానికి గుట్టుగా పొదుపు చేసేస్తుంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనం రోజువారీ ఖర్చుని కొలిచి 2012లో ఒక పరిశోధన వచ్చింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, వాళ్ళ ఖర్చు పట్నంలో కూర్చుని పనిచేసేవాళ్ళకంటే ఎక్కువేమీ లేదని తేలింది. అందుకే నేను సగం దగ్గర ఆగమంటున్నాను, పిసినారితనంతో కాదు.

చిన్న ఒళ్ళున్న ఆడవాళ్ళకి లెక్క ఇంకా బిగుతుగా ఉంటుంది. 60 కిలోలు, 155 సెంటీమీటర్లు, 45 ఏళ్ళ ఆవిడకి పై సూత్రం ప్రకారం, కూర్చుని చేసే పనైతే, రోజు ఖర్చు 1,420 దాకా వస్తుంది. అందులోంచి 500 తీసేయమంటే 920 మిగులుతుంది, అది ఒక మనిషి తిండి కాదండీ. డాక్టరు చూడకుండా 1,200 కిందకి పోవద్దు. ఆవిడ 1,200 తిని, ఐదు కిలోమీటర్లు నడిచి, ఆ 150 తిరిగి తినకుండా వదిలేస్తే లోటు 370 అవుతుంది. నెమ్మదిగానైనా తగ్గుతారు. ఆ లోటులో 150 నడక ఇచ్చిందే, అంతా తిండి కోత కాదు.

సగం తినాల్సిన రోజు ఏం తినాలంటే, గుడ్లు, పెరుగు, ఉడికించిన సెనగలు, పులుసులో చేపముక్కలు. గుడ్డుకి 70 కేలరీల చొప్పున, మూడు గుడ్లతో 200 దాటి కడుపు కూడా నిండుతుంది. అవే కేలరీలు ఆత్రేయపురం పూతరేకుల్లోనో తాపేశ్వరం కాజాలోనో నోట్లో వేసుకుంటే పది నిమిషాల్లో మళ్ళీ ఆకలి. పండగకి తినండి, నేనూ తింటాను, నడకకి బహుమతిగా మాత్రం వద్దు. మన ఉక్కలో నడిచొచ్చాక కిలో తగ్గినట్టు కనబడితే అది చెమట, కొవ్వు కాదు. ఉప్పేసిన మజ్జిగో నిమ్మకాయ నీళ్ళో తాగండి, కొబ్బరినీళ్ళైనా గ్లాసుకి యాభై కేలరీలు మించవు.

ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్ళు ఈ లెక్కలతో సొంత ప్రయోగాలు చేయొద్దు, నడకలో షుగర్ పడిపోతే గట్టు మీద పట్టుకునేవాడు ఉండడు. ఎప్పుడు ఎంత తినాలో డాక్టరునే అడగండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు అసలు ఈ లోటు జోలికే రావద్దు.

ఇంత లెక్కా వేశాక కూడా నిజం చెప్పేది తూకమే. రోజూ పొద్దున బాత్రూంకి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు తూగండి, వారం సగటు రాసుకోండి, మూడు వారాలు చూడండి. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు, కాబట్టి రోజుకి 500 లోటు నిజంగా ఉంటే కాగితం మీద నెలకి రెండు కిలోలు పోవాలి. మూడు వారాల సగటు కదలకపోతే తిరిగి తినడం పూర్తిగా ఆపండి. అదే వారానికి ఒంటి బరువులో ఒక శాతం కంటే ఎక్కువ పడిపోతూ, నీరసం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆడవాళ్ళకి నెలసరి తప్పడం లాంటివి కనబడితే రోజుకి 150 కలిపి మళ్ళీ చూడండి. నెలసరి తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నడక బ్యాచ్‌ని నేను వదల్లేదు. ఆదివారం రెండు గంటలు సైకిల్ తొక్కుతాం, ఆ రోజు పెసరట్టు తింటాను, ఉప్మా లేకుండా, ఒక్కటే. మిగతా రోజుల్లో సెంటర్లో పంచదార లేని టీతో కూర్చుంటాను. మొదటి వారం "ఏంటండీ, ఒంట్లో బాలేదా" అని పరామర్శించారు, రెండో వారం నా టీ డబ్బులు కూడా వాళ్ళే ఇచ్చేశారు.