ఉద్యోగం మానాలా, ఆగాలా? లక్షణం చూసి కారణం పట్టుకోవడం

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో, పోర్టు కాంట్రాక్టుల్లో, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, ప్రైవేటు బడుల్లో చేసేవాళ్ల కోసం ఇది. మానేద్దామని అనిపించడం లక్షణం మాత్రమే. తప్పు పనిలో ఉందా, షిఫ్టులో ఉందా, యజమాని దగ్గర ఉందా అన్నది తేలితేనే రాజీనామా ఎప్పుడివ్వాలో తేలుతుంది.

జీతం వేళకు పడటం లేదు

నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా పడాలి. పదిహేను, ఇరవై దాకా జరుగుతుంటే ఎవరినీ అడగకముందే పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. ఉమాంగ్ యాప్‌లో యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) కొడితే కనిపిస్తుంది. ఈ నెల పీఎఫ్‌ను యజమాని వచ్చే నెల 15లోగా కట్టాలి. పే స్లిప్పులో 1,800 కోత ఉండి, పాస్‌బుక్‌లో ఆ నెల వరసే లేకపోతే కారణం సగం దొరికినట్టే.

మిగతా సగం సరుకు చెబుతుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన ఎగుమతుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల వ్యాపారం మొత్తానికి దెబ్బ తగిలింది. అలాంటి రోజుల్లో జీతం పది రోజులు వెనకబడ్డా, పీఎఫ్ నెలనెలా పడుతుంటే ఆగొచ్చు. పక్క ప్లాంటుకు పోయినా అదే కరువు. అలా కాకుండా కంటైనర్లు కదులుతున్నాయి, ఓటీ చేయిస్తున్నారు, జీతం మాత్రం రావడం లేదు, పీఎఫ్ మూడు నెలలుగా కోసి కట్టలేదు అంటే ఇక ఎదురుచూడటంలో అర్థం లేదు. మీ డబ్బును వాళ్లు వాడుకుంటున్నారు.

అప్పుడు చేయాల్సింది: పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు కార్డు ఫొటోలు, పాస్‌బుక్ స్క్రీన్‌షాట్ ఒకచోట పెట్టుకోండి. కంపెనీ మెయిల్లో కాదు, సొంత ఫోన్లో. పీఎఫ్ సంగతి పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు చేయండి. ఉద్యోగంలో ఉండగానే చేయొచ్చు, మానేశాకా చేయొచ్చు. ఆ వారంలోనే వేరే పని వెతకడం మొదలుపెట్టండి.

ఒంట్లో బాగుండటం లేదు

ప్రాసెసింగ్ హాల్లో ఐసు నీళ్లలో చేతులు పెట్టి పీలింగ్ చేసేవాళ్లకి వేళ్లు వాయడం, గోళ్ల పక్కన ఒరుసుకుపోవడం మామూలే. గ్లవ్స్ లోపల పల్చటి నూలు గ్లవ్స్ వేసుకుంటే, తడిసినవి బ్రేక్‌లో మార్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. దీనికోసం మానక్కర్లేదు.

దగ్గు, పిల్లికూతలు, కళ్లు దురదలు వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రొయ్య నుంచి గాల్లోకి లేచే తుంపరతో కొందరికి ఆస్తమా వస్తుంది. గుర్తు పట్టడం సులువు: సెలవు రోజుల్లో తగ్గి, డ్యూటీకి వెళ్లిన రోజే తిరగబెడుతుంది. ఏ రోజు ఎలా ఉందో రెండు వారాలు రాసి డాక్టరుకు చూపించండి. ప్యాకింగుకో, కోల్డ్ స్టోరేజి లెక్కలకో మార్చమని కాగితం మీద అడగండి. మార్చకపోతే మానేయండి. ఇందులో జీతంతో బేరం వద్దు, ఏళ్ల తరబడి పీలిస్తే మందులకు లొంగని స్థితికి పోవచ్చు.

పని మీద విసుగు

ఒక వారం సెలవు పెట్టి చూడండి. తిరిగొచ్చాక పదిరోజులు బాగుంటే అది అలసట. రెండోరోజుకే మొదటికొస్తే, ఏ గంటలో విసుగు మొదలవుతోందో చూడండి. ఫలానా మనిషి డ్యూటీలోనే అయితే షిఫ్టు మార్పు అడగండి. నైట్ షిఫ్టు వారాల్లోనే అయితే అది నిద్ర సమస్య. ఏడాదిగా కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేకపోతే ఉద్యోగమే సమస్య. అయినా తొందరేం లేదు, వేరేది చేతికొచ్చాకే మానండి.

బయట ఎక్కువిస్తామంటున్నారు

నెల్లూరులో ఇంటి దగ్గర 18,000 చేతికొస్తోంది, చెన్నై వైపు 25,000 అన్నారనుకోండి. ఆ 25,000 సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అయితే అందులో యజమాని కట్టే పీఎఫ్ 1,800 కూడా కలిసే ఉంటుంది. మీ వాటా మరో 1,800. చేతికి 21,400. గది 4,000, మెస్ 4,500, ఇంటికి రాకపోకలు 1,500 తీస్తే మిగిలేది 11,400. అక్కడ కొత్త పని నేర్చుకునే వీలుంటే వెళ్లండి, డబ్బు కోసమే అయితే వద్దు. వేతనం 21,000 దాటితే ఈఎస్ఐ (కార్మికులకు, ఇంట్లోవాళ్లకు వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) పరిధి దాటుతారు. ఇంట్లో మందులు వాడే పెద్దవాళ్లుంటే కంపెనీ బీమాలో అమ్మానాన్నలకు చోటుందో లేదో ముందే అడగండి.

మానడం ఖాయమైంది, తేదీ ఏది?

అయిదేళ్లు నిండబోతుంటే ఆగండి. చివరి బేసిక్, డీఏ కలిపి 15,000 అయితే గ్రాట్యుటీ (మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇవ్వాల్సిన సొమ్ము) 15,000 × 15 ÷ 26 × 5, అంటే దాదాపు 43,269 రూపాయలు. నాలుగేళ్ల ఎనిమిది నెలలకు మానితే ఇదంతా తగాదాలో పడుతుంది. ప్రైవేటు టీచర్లకూ గ్రాట్యుటీ హక్కు ఉంది, సుప్రీంకోర్టు 2022లో ఖరారు చేసింది. ఇది తెలియక వదిలేసుకున్నవాళ్లు ఎందరో! టీచర్లు విద్యా సంవత్సరం మధ్యలో కాక ఏప్రిల్లో మానితే బడులు కొత్తవాళ్లను తీసుకునే కాలం కలిసొస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు బడిలో ఉంటే నోటీసు ఇవ్వకముందే తిరిగి అడగండి.

చేతిలో నాలుగు నెలల ఖర్చు ఉండాలి. పాడుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలుంటే వాటినీ అందులో కలపండి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

రాజీనామాలో చివరి పనిదినం తేదీతో రాసి, మెయిల్‌తో పాటు కాగితం మీద కూడా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. పీఎఫ్ డ్రా చేయకండి, కొత్త చోటికి బదిలీ పెట్టండి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పింఛనుకు కావాల్సిన పదేళ్ల లెక్క కూడా తెగుతుంది. పాత యజమాని ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరిసారి పీఎఫ్ పడిన రెండు నెలల తర్వాత మెంబర్ పోర్టల్‌లోని మేనేజ్ మెనూలో మార్క్ ఎగ్జిట్ నొక్కి మీరే వేసుకోవచ్చు.