అమెరికాలో డిగ్రీ విద్యార్థులకు వేసవి గణిత పరిశోధన: ఆర్‌ఈయూ దరఖాస్తు విధానం

అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీ చదువుతున్న విద్యార్థి వేసవి సెలవుల్లో మరో విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడి ఆచార్యుల పర్యవేక్షణలో ఇంకా ఎవరూ తేల్చని గణిత సమస్యపై పనిచేయడానికి వీలు కల్పించే కార్యక్రమాలను ఆర్‌ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్) అని పిలుస్తారు. వీటిలో అధిక భాగం అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్, నిధులతో నడుస్తాయి. సాధారణంగా ఒక్కో కేంద్రం పది మంది వరకు విద్యార్థులను తీసుకుని, ఎనిమిది నుంచి పది వారాల పాటు స్టైపెండ్, వసతి, ప్రయాణ ఖర్చులు భరిస్తుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు దులూత్ ప్రాంగణంలో జోసెఫ్ గాలియన్ 1977లో ప్రారంభించిన కార్యక్రమం, విలియమ్స్ కళాశాలలో 1988లో మొదలైన స్మాల్ వీటిలో బాగా పేరున్నవి. స్మాల్ అన్న పేరు దాన్ని స్థాపించిన ఆచార్యుల ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో కూర్చినదే తప్ప, ఆ కార్యక్రమం చిన్నదేమీ కాదు.

అర్హత

తెలుగు కుటుంబాల పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఎన్‌ఎస్‌ఎఫ్ ఆర్‌ఈయూ నిధులు పొందాలంటే విద్యార్థి అమెరికా పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్న శాశ్వత నివాసి అయినా అయి ఉండాలి. తల్లిదండ్రుల హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పసితనంలోనే వచ్చి, అక్కడి బడుల్లోనే చదివి, 21 ఏళ్లు నిండగానే హెచ్-4 (కుటుంబ సభ్యుల వీసా) నుంచి ఎఫ్-1 (విద్యార్థి వీసా)కు మారిన విద్యార్థికి తానూ స్థానికుడినే అనిపించవచ్చు గానీ, ఈ నిబంధన ప్రకారం అతడికి అర్హత లేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నా, చేతికి ఈఏడీ కార్డు (పనిచేసేందుకు అనుమతి పత్రం) వచ్చినా సరే, గ్రీన్‌కార్డు మంజూరయ్యే దాకా శాశ్వత నివాసి కిందికి రారు. కొన్ని కేంద్రాలకు ఎన్‌ఎస్‌ఎఫ్‌తో సంబంధం లేని సొంత నిధులు ఉంటాయి. అలాంటివి విదేశీ విద్యార్థులనూ తీసుకుంటామని తమ ప్రకటనలోనే స్పష్టంగా చెబుతాయి. ఎఫ్-1 విద్యార్థి అలాంటి చోట ఎంపికైతే, చేరడానికి ముందే తన విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించి, సీపీటీ (చదువులో భాగంగా పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) వంటిది అవసరమేమో తేల్చుకోవాలి. 2020లో మొదలైన పాలీమ్యాథ్ జూనియర్ అనే వేసవి పరిశోధన కార్యక్రమం ఆన్‌లైన్‌లో జరుగుతుంది, విదేశీ విద్యార్థులూ అందులో చేరవచ్చు.

చివరి సంవత్సరం విద్యార్థులు మరో విషయం గమనించాలి. మే నెలలో పట్టా పుచ్చుకున్నవారు ఆ వేసవి ఆర్‌ఈయూకు సాధారణంగా అర్హులు కారు కాబట్టి, రెండో, మూడో సంవత్సరాల్లోనే ప్రయత్నించడం మంచిది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో చదువుతున్నవారికి ఇదే తరహా దారి మన దేశంలోనే ఉంది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. పరిశోధన కంటే ముందు రుజువులు రాయడంలో పునాది గట్టిపడాలనుకునేవారికి 1993 నుంచి జరుగుతున్న ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణే మేలని నా అభిప్రాయం.

గడువులు, పోర్టళ్లు

దరఖాస్తులు నవంబరు ప్రాంతంలో తెరుచుకుంటాయి. చాలా కేంద్రాల గడువు జనవరి చివరి నుంచి మార్చి మధ్యలోపు ముగుస్తుంది. అన్నింటికీ కలిపి ఒకే దరఖాస్తు ఉండదు. కొన్ని కేంద్రాలు మ్యాథ్‌ప్రోగ్రామ్స్ డాట్ ఆర్గ్ వెబ్‌సైటు ద్వారా, కొన్ని ఎన్‌ఎస్‌ఎఫ్ వారి ఈట్యాప్ అనే పోర్టల్ ద్వారా, మరికొన్ని తమ సొంత ఫారం ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. నిధుల మంజూరును బట్టి కేంద్రాల జాబితా ఏటా మారుతుంది కనుక, నిరుటి పేజీ చూసి కాక, ఈ ఏడాది ప్రకటన వెలువడిందని నిర్ధారించుకున్నాకే దరఖాస్తు నింపాలి. పది సీట్లకు వందల్లో దరఖాస్తులు వచ్చే చోట ఒకటి రెండింటికి పంపి ఊరుకోవడం తగదు; తన చదువుకు సరిపోయే ఎనిమిది, పది కేంద్రాలకైనా పంపాలి.

పత్రాలు

బయోడేటాకూ, మార్కుల ట్రాన్‌స్క్రిప్టుకూ పెద్దగా శ్రమ అక్కర్లేదు. అనధికారిక ట్రాన్‌స్క్రిప్టు పీడీఎఫ్ చాలా చోట్ల చాలు. ఇప్పటికి పూర్తయిన గణిత కోర్సులతో పాటు వచ్చే సెమిస్టరులో తీసుకోబోయేవి కూడా రాయాలి. లీనియర్ ఆల్జీబ్రాతో పాటు రుజువులు రాయించే కోర్సు ఒకటైనా ఉందా అన్నది ఎంపిక చేసేవారు ముందుగా చూస్తారు.

సిఫారసు లేఖలు సాధారణంగా రెండు కావాలి. మూడు వందల మంది కూర్చునే కాల్‌క్యులస్ తరగతిలో ఏ గ్రేడు తెచ్చుకున్నా, ఆ ఆచార్యుడు రాయగలిగేది ఆ గ్రేడు గురించే. పాతిక మంది ఉన్న రియల్ అనాలిసిస్ తరగతిలో తప్పు రుజువు రాసి, ఆఫీసు వేళల్లో వెళ్లి అడిగి, దిద్దుకుని మళ్లీ తెచ్చిన విద్యార్థి గురించి మాత్రం ఆ ఆచార్యుడు పేజీ నిండా రాయగలడు. లేఖ కోసం కనీసం నెల ముందే అడగాలి. కేంద్రాల పేర్లు, గడువు తేదీలు, ఏ పోర్టల్ నుంచి లింకు వస్తుందో ఒక పట్టికగా ఇచ్చి, గడువుకు వారం ముందు ఒకసారి మర్యాదగా గుర్తుచేయాలి. లేఖను చూసే హక్కు వదులుకుంటారా అని ఫారంలో అడిగితే, వదులుకుంటున్నట్లు గుర్తుపెట్టడమే ఆనవాయితీ, అప్పుడే ఆ లేఖకు విలువ. ఇక తల్లిదండ్రులు కేంద్రానికి ఫోన్ చేయడం, ఈమెయిల్ పెట్టడం ఎంతమాత్రం పనికిరాదు.

స్వీయ ప్రకటనలో చాలామంది రాసే తొలి వాక్యం ఇలా ఉంటుంది: "చిన్నప్పటి నుంచి నాకు లెక్కలంటే ప్రాణం." ఎంపిక సంఘం ఆ రోజు చదివే దరఖాస్తుల్లో సగం ఇలాగే మొదలవుతాయి. దానికి బదులు, "లాగ్రాంజ్ సిద్ధాంతం చదివాక దాని విపర్యయం కూడా నిజమేమోనని చిన్న గ్రూపులన్నీ వరసగా చూసుకుంటూ పోయాను. పన్నెండు మూలకాల ఆల్టర్నేటింగ్ గ్రూపు దగ్గర ఆగిపోయాను, అందులో ఆరు మూలకాల ఉపగ్రూపు దొరకలేదు, ఎందుకు దొరకదో రుజువు చేయడానికి రెండు రోజులు పట్టింది" అని రాస్తే, చదివేవారికి ఆ విద్యార్థి పనిచేసే తీరు కంటికి కడుతుంది. మిగతా పేరాల్లో ఆ కేంద్రం ప్రకటించిన సమస్యల్లో ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఒకే ప్రకటనను పది చోట్లకు పంపితే, కేంద్రం పేరు మార్చడం మరిచిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఎంపికైన తరువాత

ఫిబ్రవరి చివరి నుంచి ఈమెయిళ్లు మొదలవుతాయి. తొందరపాటు నిర్ణయాలు జరగకుండా చాలా గణిత కేంద్రాలు జవాబుకు ఒక ఉమ్మడి గడువు తేదీ పాటిస్తాయి. పాటించనివి కొద్ది రోజులే ఇస్తాయి. అలాంటప్పుడు ఎక్కువ ఇష్టమైన కేంద్రానికి రాసి, తన దరఖాస్తు ఏ దశలో ఉందో అడగడంలో తప్పులేదు. ఒకచోట ఒప్పుకున్నాక మిగతా దరఖాస్తులన్నింటినీ అదే రోజు ఉపసంహరించుకోవాలి, ఎందుకంటే ఆ సీటు కోసం నిరీక్షణ జాబితాలో మరొకరు ఎదురుచూస్తుంటారు. స్టైపెండ్ ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది, చాలా చోట్ల పన్ను మినహాయించకుండానే చేతికిస్తారు; అందుకని కొంత సొమ్ము పక్కన పెట్టి, చెల్లింపు కాగితాలను మరుసటి ఏప్రిల్‌లో రిటర్ను వేసేదాకా దాచుకోవాలి.