విశాఖలో ఉంటూ రైల్వే ఉద్యోగం కొట్టడం ఎలా? పుస్తకాలు కొనే ముందు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి

నేను పనిచేసేది విశాఖకి దగ్గర్లో ఒక చిన్న స్టేషన్లో, టికెట్ కౌంటర్ దగ్గర. టికెట్ తీసుకుని చిల్లర లెక్కపెట్టుకుంటూనే కొందరు అద్దం దగ్గరికి వంగి అడుగుతారు, "అన్నా, రైల్వేలో పోస్టులేమైనా పడ్డాయా? నాకు ముప్పై దాటిపోతోంది, ఇంకా ఛాన్సుందా?" అని. వెనకాల క్యూ, లోపల రైలు టైము, ఆ రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా రాస్తున్నా. నేనూ మొదట్నుంచీ రైల్వేవాణ్ణేం కాదు. బీకాం చేసి గాజువాకలో ఒక ప్రైవేటు కంపెనీలో ఆరేళ్ళు బిల్లులు రాశాను, ఇరవై ఎనిమిదో ఏట దరఖాస్తు పెట్టాను, ముప్పై రెండు నిండాక ఈ కుర్చీలో కూర్చున్నాను.

మొదటి పని: కళ్ళు

అందరూ కోచింగ్‌తో మొదలుపెడతారు. మీరు కళ్ళ డాక్టర్‌తో మొదలుపెట్టండి. ఎందుకో మా పక్కింటి కుర్రాడి సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. మెకానికల్ డిప్లొమా చేశాడు, లోకో పైలట్ (అదే, రైలు డ్రైవర్) అవ్వాలని చిన్నప్పట్నుంచి పిచ్చి. 2024లో పడిన అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్‌కి దరఖాస్తు పెట్టాడు, ఏడాదిన్నర పగలూ రాత్రీ చదివాడు, మొదటి పరీక్ష దాటాడు, 2025 మేలో రెండోదీ దాటాడు. జూలైలో ఆప్టిట్యూడ్ టెస్టుకి వెళ్ళేటప్పుడు కళ్ళ డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకెళ్ళాలని ఉంటే, పరీక్షకి వారం ముందు వెళ్ళాడు. కుడి కన్ను సరిగ్గానే ఉంది, ఎడమ కన్నుకి కొంచెం సైట్. ఆ కొంచెమే కొంప ముంచింది. వాళ్ళమ్మ ఇప్పటికీ నమ్మదు. "బస్సు మీద బోర్డు అంత దూరం నుంచి చదివేస్తాడు, మరేటి కావాల బాబూ ఆళ్ళకి?" అంటుంది.

ఆళ్ళకి కావాల్సింది ఇది. లోకో పైలట్‌కి మెడికల్ స్టాండర్డ్ ఏ-1: కళ్ళజోడు లేకుండా రెండు కళ్ళూ 6/6 ఉండాలి, రంగులు తేడా లేకుండా కనిపించాలి, మసక వెలుతురులో చూపు, రాత్రి చూపు కూడా పరీక్షిస్తారు. లేజర్ ఆపరేషన్ చేయించుకుని సైట్ పోగొట్టుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. కుదరదు, అది చేయించుకున్నవాళ్ళు ఈ పోస్టుకి అసలు పనికిరారు. స్టేషన్ మాస్టర్, గూడ్స్ ట్రైన్ మేనేజర్ (అదే, మనం గార్డు అనేవాళ్ళం, 2022లో పేరు మార్చారు), పాయింట్స్‌మన్ పోస్టులకి ఏ-2: కళ్ళజోడు లేకుండా 6/9. ట్రాక్ మెయింటెయినర్‌కి బీ-1, టికెట్ క్లర్కుకి బీ-2, వీటికి కళ్ళజోడు ఉన్నా ఫర్వాలేదు కానీ పవర్‌కి హద్దుంది. ఆఫీసు క్లర్కుకి సీ-2, అది అన్నిటికంటే తేలిక. నా కళ్ళజోడు బీ-2లో పడింది కాబట్టి ఈ కౌంటర్, లేకపోతే నేనూ జెండా పట్టుకుని గూడ్స్ బండి చివర కూర్చునేవాణ్ణే.

ఇంకో మాట. ఒక పోస్టుకి మెడికల్‌లో ఫెయిలైతే, పోనీలే అని వేరే పోస్టు ఇవ్వరు. అక్కడితో ఆ నోటిఫికేషన్ మీకు అయిపోయినట్టే. కాబట్టి ఏ నోటిఫికేషన్ పడినా అందులో పోస్టు పేరు పక్కన ఉండే మెడికల్ గడి ముందు చూడండి, జీతం గడి తర్వాత. చుక్కల్లో అంకెలు చదివించే రంగుల పరీక్ష కూడా అదే రోజు చేయించేసుకోండి. రంగుల తేడా ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

వయసు, చదువు: మీకు ఏ తలుపు తెరిచి ఉంది?

కరోనా వల్ల ఇచ్చిన మూడేళ్ళ సడలింపు 2024 నోటిఫికేషన్లతో అయిపోయింది. "మా బావకి 35లో వచ్చింది" అని ఎవరైనా అంటే ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. జనరల్ వాళ్ళకి 2025 నోటిఫికేషన్ల ప్రకారం అసిస్టెంట్ లోకో పైలట్‌కి 30, ఎన్టీపీసీలో (కరెంటు కంపెనీ కాదు, స్టేషన్ మాస్టర్, టికెట్ క్లర్కు, ఆఫీసు క్లర్కు లాంటి రైల్వే పోస్టుల నోటిఫికేషన్) ఇంటర్ స్థాయి పోస్టులకి 30, డిగ్రీ స్థాయివాటికి 33, గ్రూప్ డి అని మనం పిలిచే లెవెల్ 1 పోస్టులకి 33. ఓబీసీకి మూడేళ్ళు, ఎస్సీ, ఎస్టీలకి అయిదేళ్ళు కలుపుకోవచ్చు.

చదువు సంగతి: పదో తరగతి ఉంటే లెవెల్ 1. పదితో పాటు ఐటీఐ, లేదా ఇంజినీరింగ్ డిప్లొమా, డిగ్రీ ఉంటే లోకో పైలట్ వైపు. వట్టి బీకాం, బీఏ వాళ్ళకి ఆ దారి లేదు, వాళ్ళకి ఎన్టీపీసీ ఉంది. డిప్లొమా, బీటెక్ వాళ్ళు జూనియర్ ఇంజినీర్ వదులుకోకూడదు, చాలామంది పోటీకి భయపడి చిన్న పోస్టులకే పెడుతుంటారు, అది నాకు నచ్చదు. ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనం లెవెల్ 1కి 18,000, అసిస్టెంట్ లోకో పైలట్‌కి 19,900, సీనియర్ టికెట్ క్లర్కుకి, గూడ్స్ ట్రైన్ మేనేజర్‌కి 29,200, స్టేషన్ మాస్టర్‌కి, జూనియర్ ఇంజినీర్‌కి 35,400. దీనిపైన డీఏ, ఇంటద్దె వగైరా. లోకో పైలట్ మూల వేతనం చూసి తక్కువ అనుకోకండి, బండి నడిపిన కిలోమీటర్లకి వచ్చే అలవెన్స్ వేరే ఉంటుంది. అయితే ఆ డబ్బుకి తగ్గట్టే అర్ధరాత్రి కాల్ వస్తుంది, పండగ రోజు ఎక్కడో రన్నింగ్ రూమ్‌లో పడుకుంటారు.

ఐటీఐ పాసై ఇంకా చిన్న వయసులో ఉంటే అప్రెంటిస్‌గా చేరడం మంచి దారి. మర్రిపాలెం వైపు లోకో షెడ్డులున్నాయి, విశాఖపట్నం (పాత పేరు వాల్తేరు) డివిజన్ అప్రెంటిస్ నోటిఫికేషన్లు కనిపెట్టుకుని ఉండండి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్ళకి లెవెల్ 1 ఖాళీల్లో 20 శాతం కేటాయిస్తారు, ఈ సంగతి తెలియక వదిలేసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

చేస్తున్న ఉద్యోగం మానొద్దు

ఇది నా గట్టి అభిప్రాయం. నేను పెట్టిన ఎన్టీపీసీ నోటిఫికేషన్ 2019 ఫిబ్రవరి ఆఖర్లో వచ్చింది, 35 వేల పైచిలుకు పోస్టులు, కోటి పైనే దరఖాస్తులు. మొదటి పరీక్ష మొదలైంది 2020 డిసెంబరు 28న. ఫలితం 2022 జనవరిలో. రెండో పరీక్ష 2022 మే, జూన్‌లలో. ఆ తర్వాత టైపింగ్, సర్టిఫికెట్లు, మెడికల్. ఈలోగా నాకు పెళ్ళయింది, పాప పుట్టింది, కరోనా వచ్చి పోయింది. ఉద్యోగం మానేసి కూర్చుని ఉంటే మా ఇంట్లో నాకు అన్నం పెట్టేవాళ్ళు కానీ మొహం చూసేవాళ్ళు కాదు.

2024 నుంచి పద్ధతి కొంత మారింది, ఏటా క్యాలెండర్ పెట్టి నోటిఫికేషన్లు ఇస్తున్నారు: ఏడాది మొదట్లో లోకో పైలట్, వేసవి వైపు టెక్నీషియన్, ఏడాది మధ్య దాటాక ఎన్టీపీసీ, జూనియర్ ఇంజినీర్, చివర్లో లెవెల్ 1. తేదీలు అటూ ఇటూ అవుతుంటాయి. ఎంత త్వరగా అయినా దరఖాస్తు నుంచి జాయినింగ్ దాకా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుందనే లెక్క వేసుకోండి.

కాగితాలు

చదువు కంటే ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మన ఇంటిపేర్ల గోల ఉంది కదా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం చివర ఉంటుంది, ఇంకోచోట నాన్నగారి పేరు కూడా కలిపేసి ఉంటుంది. రైల్వేకి పదో తరగతి మెమోనే ప్రమాణం. ఆధార్‌ని దాని ప్రకారం ఇప్పుడే మార్పించుకోండి, నోటిఫికేషన్ పడ్డాక ఆధార్ సెంటర్ల దగ్గర క్యూలో నిలబడలేరు.

బీసీలు ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. రాష్ట్ర జాబితాలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. ఉత్తరాంధ్రలో ఇది చాలామందికి తగిలే దెబ్బ. మీ కులం కేంద్ర జాబితాలో ఉంటే కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని రాసిన సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే, ఆదాయం, ఆస్తి పరిమితుల్లో ఉంటే, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ కోటా) వస్తుందేమో తహశీల్దార్ ఆఫీసులో అడగండి. ఇప్పటికే ఏదైనా ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే మీ ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, ప్రైవేటు వాళ్ళకి ఆ బాధ లేదు.

దరఖాస్తు పెట్టే రోజు

ఒక నోటిఫికేషన్‌కి ఒక్క ఆర్‌ఆర్‌బీకే (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుకే) పెట్టాలి. రెండింటికి పెడితే రెండూ పోతాయి. విశాఖలో ఆర్‌ఆర్‌బీ లేదు. వాల్తేరు డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వేలో ఉండగా ఒకప్పుడు మన ఖాళీలు భువనేశ్వర్ బోర్డు కింద వచ్చేవి, విజయవాడ, గుంటూరు, గుంతకల్లువి సికింద్రాబాద్ కింద. ఇప్పుడు విశాఖ కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వే జోన్ కాబట్టి, ఏ జోన్ ఖాళీలు ఏ బోర్డు కింద చూపించారో నోటిఫికేషన్ చివర ఉండే పట్టికలో చూశాకే ఎంచుకోండి. జోన్ వచ్చింది కదా, మన ఊళ్ళోనే వేల ఉద్యోగాలు పడతాయి అని టీ కొట్టు దగ్గర అంటుంటారు. జోన్ అంటే ముఖ్యంగా ఉన్న డివిజన్లని, సిబ్బందిని కొత్త ఆఫీసు కిందకి తేవడం. దాన్ని నమ్ముకుని ఎదురుచూడకండి.

దరఖాస్తు ఆర్‌ఆర్‌బీ అధికారిక సైట్లోనే. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన వివరాలు తర్వాత మార్చలేరు, అందుకని ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకుండా పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చూడండి. ఫోన్ నంబరు, మెయిల్ మీవే ఇవ్వండి, సెంటర్ వాడివి కాదు. ఫీజు 500, మొదటి పరీక్ష రాస్తే 400 వెనక్కి వస్తుంది. ఎస్సీ, ఎస్టీ, మహిళలు, మాజీ సైనికులు వగైరాలకి 250, బ్యాంకు చార్జీలు పోను అంతా వెనక్కి. పోస్టుల ప్రాధాన్యం అడిగినప్పుడు మీ కళ్ళకి సరిపడని పోస్టు పైన పెట్టకండి. మార్కులకి అదే వచ్చిందనుకోండి, మెడికల్‌లో పోయి చేతికి ఏమీ మిగలదు.

చదువు

పరీక్ష తెలుగులో రాయొచ్చు. కానీ అనువాదం ఒక్కోసారి వింతగా ఉంటుంది, తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నదే చెల్లుబాటు. అందుకే లెక్కల పదాలు, సైన్సు పదాలు రెండు భాషల్లోనూ తెలిసి ఉండాలి. ఎన్టీపీసీ మొదటి పరీక్షలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు: జనరల్ అవేర్‌నెస్ 40, లెక్కలు 30, రీజనింగ్ 30. మూడు తప్పులకి ఒక మార్కు పోతుంది. లెవెల్ 1లో సైన్సు, లెక్కలు, రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్ ఉంటాయి, పదో తరగతి స్థాయే.

నేను చదివింది రోజుకి రెండు గంటలు, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి. ఆదివారాలు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో. కోచింగ్‌కి వెళ్ళొద్దని చెప్పను, లెక్కలు మర్చిపోయి పదేళ్ళయినవాళ్ళకి మూడు నెలలు పనికొస్తుంది, ఆ తర్వాత పాత పేపర్లు టైము పెట్టుకుని చేయడమే. క్లర్క్ కమ్ టైపిస్టు పోస్టులకి టైపింగ్ టెస్ట్ ఉంది, ఇంగ్లీషులో నిమిషానికి 30 పదాలు, కంప్యూటర్ మీద పనిచేసి వచ్చినవాళ్ళకి ఇది వరం.

బస్తా, పరుగు

లెవెల్ 1కి రాత పరీక్ష ఒక్కటే చాలదు. మగవాళ్ళు 35 కేజీల బరువు మోసుకుంటూ 100 మీటర్లు రెండు నిమిషాల్లో నడవాలి, మధ్యలో దించకూడదు, అవకాశం ఒక్కటే. 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడవాళ్ళకి 20 కేజీలు, పరుగుకి 5 నిమిషాల 40 సెకన్లు.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఇంట్లో 25 కేజీల బియ్యం బస్తా భుజానికెత్తుకుని వీధి చివరిదాకా వెళ్ళి రండి, ఇంకో పది కేజీలు ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది. మొదట ఇసుక తక్కువ నింపి, వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. పరుగు బీచ్ ఇసుకలో కాదు, గట్టి నేల మీద చేయండి, ఇసుకలో ప్రాక్టీసు చేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి, టైము కూడా తెలియదు. ఆఫీసు కుర్చీలో పదేళ్ళు కూర్చున్నవాళ్ళకి పరుగుకి కనీసం మూడు నెలలు పడుతుంది.

ట్రాక్ పని ఎలా ఉంటుందో దరఖాస్తుకి ముందే ఒకసారి చూడండి. మే నెల ఎండలో ఏ ఫ్లాట్‌ఫామ్ చివరైనా నిలబడితే కనిపిస్తారు, నారింజ రంగు కోటు, భుజాన సుత్తి, కాలి కింద కాలే కంకర, పట్టా వెంట నడుస్తూ ఊడిన క్లిప్పులు చూసుకుంటూ కొట్టుకుంటూ పోతుంటారు. డిగ్రీలు చేసి చేరి ఆరు నెలల్లో ఏడ్చినవాళ్ళు ఉన్నారు, పదో తరగతితో చేరి డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసుకుంటూ పైకొచ్చినవాళ్ళూ ఉన్నారు.

డబ్బులడిగేవాడు

ఆర్‌ఆర్‌బీకి ఏజెంట్లు లేరు. 2022 డిసెంబరులో బయటపడిన సంగతి గుర్తుందా? తమిళనాడు నుంచి వచ్చిన 28 మందిని టీటీఈ, క్లర్కు ఉద్యోగాల శిక్షణ అని చెప్పి న్యూఢిల్లీ స్టేషన్లో నెల రోజులు వచ్చే పోయే రైళ్ళు, వాటి పెట్టెలు లెక్కపెట్టించారు, అందరి దగ్గరా కలిపి రెండు కోట్ల పైనే కొట్టేశారు. రోజుకి ఎనిమిది గంటలు లెక్కపెట్టారు పాపం. మన ఊళ్ళో కూడా "డీఆర్‌ఎం ఆఫీసులో (అదే, డివిజన్ పెద్దాఫీసులో) మావాడున్నాడు" అనేవాళ్ళు తగులుతుంటారు. టీ తాగించి పంపేయండి, సంతకం పెట్టిన కాగితం కానీ, ఒరిజినల్ సర్టిఫికెట్ కానీ ఇవ్వకండి.

పక్కింటి కుర్రాడు ఏమయ్యాడని అడుగుతారేమో. 2025లో పడిన టెక్నీషియన్ పోస్టులకి పెట్టాడు. ఈసారి కళ్ళజోడు ముందే చేయించుకుని, మెడికల్ గడి నాకు చూపించి, నేను సరే అన్నాకే ఫీజు కట్టాడు.