అమెరికాలో మనవాళ్ళకి షుగర్ రాకుండా ఒక బృందం నడపాలంటే

ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో తెలుగువాళ్ళు పదిమంది కలిసిన చోట నలభై దాటినవాళ్ళని ఆరోగ్యం గురించి అడిగి చూడండి, "షుగర్ బార్డర్‌లో ఉందన్నారు, ఇంకా మందులు లేవులే" అనే మాట ఎవరి నోటో వినిపిస్తుంది. మందులు లేవు కదా అని ధైర్యంగా ఉంటారు కానీ గట్టిగా పని చెయ్యాల్సింది సరిగ్గా అప్పుడే. 2002లో అమెరికాలో 3,234 మంది మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. బార్డర్‌లో ఉన్నవాళ్ళు తిండి మార్చుకుని, బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతం. 80 కిలోల మనిషికి ఏడు శాతమంటే ఐదున్నర కిలోలు. అందుకోలేనిదేమీ కాదు.

ఆ పరిశోధన ఆధారంగానే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దేశమంతటా ఏడాది పాటు సాగే తరగతులు నడిపిస్తోంది. వాటిలో చేరి రెండు మూడు వారాలకే మానేసిన మనవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళని తప్పుపట్టలేను. అక్కడ బ్రెడ్డు ముక్కల లెక్క చెబుతారు, ఇంటికొచ్చి కూర్చుంటే కంచంలో అన్నం, పప్పు, దొండకాయ వేపుడు, చారు, పెరుగు. వాటి సంగతి చెప్పేవాళ్ళు లేరు. కాబట్టి మీ ఊళ్ళో మీరే మొదలుపెట్టండి. డాక్టరై ఉండక్కర్లేదు, సీడీసీ తరగతులు నడిపే కోచ్‌లు కూడా శిక్షణ తీసుకున్న మామూలు మనుషులే కావచ్చు. పదిమందికి ఫోన్ చేసి పిలిచే చొరవ, ఏడాది పాటు వదలకుండా పట్టుకునే ఓపిక ఉంటే చాలు.

ముందు ఎవరిని పిలవాలో చూద్దాం. పరగడుపున చేసిన పరీక్షలో 100 నుంచి 125 వచ్చినవాళ్ళు, ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పయ్యాక తగ్గిపోయినవాళ్ళు. ఈ చివరివాళ్ళని ప్రత్యేకంగా వెతికి పిలవండి, ఎందుకంటే పిల్లల హడావుడిలో పడి వాళ్ళు ఆ సంగతే మర్చిపోతారు, మళ్ళీ పరీక్ష చేయించుకోరు. "నేను సన్నగానే ఉన్నా కదా" అనేవాళ్ళని కూడా వదలొద్దు. మామూలుగా బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె, 25 దాటితే పరీక్ష చేయించుకోమంటారు, మన ఆసియావాళ్ళకి మాత్రం 23 నుంచే చేయించుకోమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. ఐదడుగుల ఏడంగుళాల మనిషి అరవై ఏడు కిలోలుంటే చాలు, 23 దాటినట్టే. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో, షికాగోలో దక్షిణాసియావాళ్ళ మీద 2010లో మొదలైన 'మసాలా' (MASALA) అనే పేరున్న అధ్యయనంలో తేలింది కూడా ఇదే: బరువు మామూలుగా ఉన్నా మనవాళ్ళకి షుగర్ ఎక్కువ, కాలేయంలో కొవ్వూ ఎక్కువ. అందుకని మొదటి రోజే టేపు తీసుకెళ్ళి నడుము కొలవండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలి.

రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఐరన్ తక్కువైన ఆడవాళ్ళు, ఏ1సీ ఒక్కటే చూసి ఏదీ నిర్ణయించుకోకుండా ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి, ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు.

చోటు విషయానికొస్తే గుడి మంచిదే, న్యూయార్క్‌లో సిక్కులతో గురుద్వారాల్లో ఇలాంటి కార్యక్రమాలు నడిపినవాళ్ళున్నారు. నన్నడిగితే మాత్రం ఇంకా మంచి సమయం ఒకటుంది. వారాంతంలో మనబడి లాంటి తెలుగు తరగతులకి పిల్లల్ని దింపి, అమ్మానాన్నలు కార్లో ఫోన్ చూసుకుంటూ కూర్చునే సమయం. ఎవరూ కొత్తగా తీరిక చేసుకోవాల్సిన పని లేదు, ఎలాగూ వచ్చి ఉన్నారు. ఒక ఖాళీ గది అడిగి తీసుకోండి, గంటలో ముగించండి. మొదటి ఆరు నెలల్లో 16 సార్లు, తర్వాతి ఆరు నెలల్లో నెలకోసారి కలవాలన్నది సీడీసీ పద్ధతి, దాన్ని మార్చకండి. పాఠాల పుస్తకం కూడా వాళ్ళదే ఉచితంగా దొరుకుతుంది. అందులో మూల విషయం అలాగే ఉంచి, తిండి ఉదాహరణలు మనవి పెట్టుకోండి.

ఇంట్లో వంట ఎవరు చేస్తారో వాళ్ళు రాకపోతే ఆ బృందం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. షుగర్ బార్డర్ ఆయనకి, తరగతికి వచ్చేది ఆయన, వంట చేసేది ఆవిడ, లేదా ఇండియా నుంచి వచ్చిన అత్తగారు. ఆయన విన్నది వంటింటి దాకా వెళ్ళదు, వెళ్ళినా "నా వంటలో తప్పేముంది" అని బాధగా మారుతుంది. స్కాట్లాండ్‌లో భారతీయ, పాకిస్తానీ కుటుంబాలతో చేసి 2014లో ప్రచురించిన పొడోసా అనే అధ్యయనంలో ఈ సంగతి గుర్తించి, వంట చేసేవాళ్ళని కూడా కలుపుకున్నారు. మూడేళ్ళలో పదిహేను సార్లు డైటీషియన్ ఇంటికే వెళ్ళారు, మామూలు సలహాలు అందుకున్న కుటుంబాలతో పోలిస్తే ఈ కుటుంబాలవాళ్ళు సగటున ఒకటిన్నర కిలోల పైచిలుకు బరువు తగ్గారు. అంకె చిన్నదే అనిపిస్తుంది కానీ మూడేళ్ళ తర్వాత కూడా నిలబడిన తేడా అది. అంచేత పేరు రాసుకునేటప్పుడే ఒక మనిషి పేరు కాకుండా ఇంట్లోవాళ్ళందరి పేర్లూ రాసుకోండి, వంట చేసేవాళ్ళని గౌరవంగా, "మీరు లేకపోతే ఇది జరగదండీ" అని మీరే స్వయంగా పిలవండి.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం, ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మన భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకుని తినేది కాదు. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి ఇంకొంత, పెరుగులోకి ఆఖర్న మరికాస్త. ప్రతిసారీ కొంచెమే కదా అనిపిస్తుంది, మొత్తం ఎంతయిందో తిన్నవాళ్ళకే తెలియదు. రెండో మూడో వారంలో ఈ పని చేయించండి: అందరూ ఇంట్లో అన్నం వడ్డించడానికి రోజూ వాడే హస్తం (గరిటె) తెచ్చుకోవాలి, మధ్యలో వండిన అన్నం, ఒక కొలత కప్పు పెట్టాలి. రోజూ నాలుగు విడతల్లో ఎంత వేసుకుంటారో అంతా అలాగే ఒక గిన్నెలో వేసి, తర్వాత కప్పుతో కొలవమనండి. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, ఆ గిన్నె చూశాక వాళ్ళకే అర్థమవుతుంది. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే మూడు బ్రెడ్డు ముక్కలతో సమానం. అప్పుడు ఆ బ్రెడ్డు లెక్కకి కూడా ఒక అర్థం వస్తుంది.

తగ్గించడమెలా అంటే, అన్నం మానెయ్యమని మాత్రం చెప్పకండి, అలా చెప్పిన బృందం నెల తిరక్కుండా ఖాళీ అవుతుంది. పూటకి ఒక కప్పు అన్నం ముందే కొలిచి కంచంలో ఒక పక్కన పెట్టుకోవాలి, ఎన్ని విడతలైనా అందులోంచే. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు. పెరుగన్నం బదులు పల్చటి మజ్జిగ, కాస్త అల్లం, కరివేపాకు వేసుకుంటే భోజనం ముగిసిన తృప్తి ఉంటుంది, పెరుగన్నం తినందే నిద్రపట్టని వాళ్ళు కప్పులో చివరి పావు వంతు దానికోసం దాచుకోవాలి. కూర మాత్రం అన్నానికి రెట్టింపు పెట్టుకోవాలి, అంటే వండేటప్పుడే రెట్టింపు వండాలి, ఇది వంట చేసేవాళ్ళు గదిలో ఉంటేనే కుదిరే మాట. బెండకాయ, దొండకాయ, గోరుచిక్కుడు ఇండియన్ షాపుల్లో తరిగినవే ఫ్రీజర్లో దొరుకుతున్నాయి కాబట్టి ఆఫీసు నుంచి వచ్చి తరగడం కష్టమనే ఇబ్బంది కూడా చాలావరకు తీరింది. బంగాళాదుంప వేపుడు పక్కన అన్నం పెట్టుకుంటే మాత్రం అది కూర లెక్కలోకి రాదు, ఆ మాట నిర్మొహమాటంగా చెప్పండి.

కొర్రలు, జొన్నల గురించి ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. పీచు ఎక్కువ, మంచివే, కానీ వాటిలోనూ పిండిపదార్థం బియ్యం కంటే కొద్దిగానే తక్కువ, కొర్రలే కదా అని రెండు కప్పులు తింటే ఉపయోగం లేదు. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళు రాత్రి అన్నం మానేసి ఉప్మానో పూరీనో తింటారు, వాళ్ళ వ్రతాన్ని కదపకుండా పెసరట్టు, గుగ్గిళ్ళు చెప్పండి. పెసరట్టులో ఉప్మా లేకుండా.

వారాంతపు పార్టీలు ఇంకో పెద్ద సమస్య. సోమవారం నుంచి శుక్రవారం దాకా పాటించిందంతా శనివారం రాత్రి పుట్టినరోజు దగ్గర పోతుంది: గారెలు, బిర్యానీ ట్రే, కేకు, గులాబ్ జామూన్, పైగా భోజనం పెట్టేసరికి తొమ్మిదిన్నర. వెళ్ళొద్దనడం కుదరదు, ఈ దేశంలో మనకున్న చుట్టాలూ పక్కాలూ ఆ స్నేహితులే. బృందంలో ఉన్న ఇళ్ళవాళ్ళు తమ ఇంటి పార్టీల వరకు ఒక ఒప్పందం చేసుకుంటే సరిపోతుంది. ఏడున్నరకల్లా భోజనం, వరసలో ముందు కూరలూ సలాడూ, చివర్న అన్నం, స్వీటు ఒక్కటే. "ఇంకొంచెం వేసుకో అన్నయ్యా" అని రెండోసారి అడగకపోవడం కూడా ఆ ఒప్పందంలో ఉండాలి. వద్దన్నవాళ్ళని బలవంతపెట్టకపోతే మర్యాద తక్కువైనట్టు అనుకునే ఇళ్ళలో ఇదే అన్నిటికన్నా కష్టం, అందుకే అందరి ముందూ మాట తీసుకోవాలి.

వ్యాయామం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. వారానికి 150 నిమిషాలంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు, జంటలుగా కలిపి పంపితే నడుస్తారు. కోలాటం బృందం ఉంటే దాని ప్రాక్టీసునే లెక్కలోకి తీసుకోండి, ఆడవాళ్ళు జిమ్ కన్నా దానికి ఇష్టంగా వస్తారు. షికాగో చలికి, డాలస్ ఎండకి మాల్ లోపల నడక.

బరువు చూసేటప్పుడు ఒక్కొక్కరినే పక్కకి పిలిచి చూడండి. అంకెలు వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు. మనది చిన్న లోకం, ఫలానా వాళ్ళింట్లో షుగరట అనే మాట పెళ్ళి సంబంధాల దాకా వెళుతుందని భయపడేవాళ్ళున్నారు, ఆ భయాన్ని తేలిగ్గా తీసుకుంటే వాళ్ళు మళ్ళీ రారు.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని తప్పకుండా కూర్చోబెట్టుకోండి, కానీ వాళ్ళలో చాలామందికి ఇప్పటికే షుగర్ ఉంటుంది, అది ఈ కార్యక్రమం లెక్కలోకి రాదు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు, షుగర్ బాగా పడిపోయి ప్రమాదం. ఇది మొదటి రోజే గట్టిగా చెప్పండి.

నాలుగో నెల దగ్గర బరువు కదలడం లేదని కొందరు నీరుగారిపోతారు. వాళ్ళకి చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించిన పరిశోధన సంగతి చెప్పండి. అందులో పాల్గొన్నవాళ్ళకి బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, అయినా తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. అందుకే బరువుతో పాటు నడుము కొలత, ఆరు నెలలకోసారి ఏ1సీ కూడా రాసి పెట్టుకోవాలి.

డిసెంబరులో ఇండియా వెళ్ళేవాళ్ళుంటారు. వెళ్ళే ముందు వారం బరువు చూడండి, అక్కడ ఉన్నన్నాళ్ళూ రోజూ నడక ఒక్కటి మాత్రం మానొద్దని మాట తీసుకోండి, అరిసెలూ బొబ్బట్లూ తినొద్దని చెప్పి అమ్మ దగ్గర ఇబ్బంది పెట్టకండి. తిరిగొచ్చిన మొదటి వారంలోనే ఫోన్ చేసి పిలవండి. సూట్‌కేసులో తెచ్చిన జంతికలూ స్వీట్లూ ఇంట్లో అందరికీ కనిపించే డబ్బాలో పోయకుండా, ఆఫీసులో పంచేవి పంచేసి, ఉంచుకునేవి చిన్న పొట్లాలుగా కట్టి ఫ్రీజర్లో పెట్టమనండి.