రిఫార్మర్‌ను జన్యు అల్గారిథమ్ చేతికిచ్చే ముందు

కొలిమిలోని ట్యూబుల్లో మీథేన్ నుంచి హైడ్రోజన్ తీసే రిఫార్మర్‌ను ఏ స్థితిలో నడిపితే మేలో వెతకడానికి ఏ అల్గారిథమ్ వాడాలని మా హైడ్రోజన్ యూనిట్‌లో కొత్తగా చేరిన ఇంజినీర్లు అడుగుతారు. మీ రిఫార్మర్ ట్యూబు గోడ ఎంత వేడి వరకు ఓర్చుకుంటుందని నేను తిరిగి అడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు.

మొదట రిఫార్మర్‌కు గణిత నమూనా కట్టుకోండి. మీథేన్, నీటి ఆవిరి నికెల్ ఉత్ప్రేరకం మీద కలిసి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌గా మారే ఈ చర్య, ఒక్కో మోల్ మీథేన్‌కు 206 కిలోజౌళ్ల వేడిని మింగుతుంది. చర్య వేగాలకు 1989లో షు, ఫ్రోమెంట్ ఇచ్చిన సమీకరణాలు తీసుకోండి. ట్యూబు పొడవు వెంట మాత్రమే లెక్కించే సాదా నమూనా చాలు. ఒక్క జాగ్రత్త: ఉత్ప్రేరకపు గుళికలో పైపొర తప్ప లోపలి భాగం దాదాపు పనిచేయదు. ఆ తగ్గింపు గుణకం మరిచిపోతే, ట్యూబు మొదటి అడుగులోనే చర్య అయిపోయినట్లు లెక్క వస్తుంది. తర్వాత నెల రోజుల లాగ్‌షీట్లు ముందు పెట్టుకుని, బయటికొచ్చే వాయువులో మిగిలిన మీథేన్ శాతం, ఉష్ణోగ్రత, పీడనం తగ్గుదల సరిపోలే వరకు నమూనాను సవరించండి. ఈ పనికే నాకు ఆరు వారాలు పట్టింది. అల్గారిథమ్ రాయడం ఒక మధ్యాహ్నం పని.

మార్చదగినవి నాలుగు: లోపలికి వెళ్లే వాయువు ఉష్ణోగ్రత, పీడనం, ఆవిరికీ కార్బన్‌కూ నిష్పత్తి, కొలిమి మంట. లక్ష్యాలు రెండు చాలు. టన్ను హైడ్రోజన్‌కు పట్టే మొత్తం గ్యాస్ తగ్గాలి, ట్యూబుల ఆయుష్షు పెరగాలి. మీథేన్ ఎంత మిగలకుండా మారిందన్నదే లక్ష్యంగా పెట్టుకోకండి. మిగిలిన మీథేన్ శుద్ధి యూనిట్ నుంచి తిరిగి కొలిమికే ఇంధనంగా వస్తుంది, వృథా పోదు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గే ఇలాంటి లక్ష్యాలకు, ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్‌మయ్ దేబ్ బృందం రూపొందించిన ఎన్‌ఎస్‌జీఏ-2 అనే జన్యు అల్గారిథమ్ బాగా కుదురుతుంది. జీవుల్లో లాగే మంచి జవాబులను ఎంచి, కలిపి, కొద్దిగా మార్చి తరం తర్వాత తరం మెరుగుపరచే పద్ధతి ఇది. ఏ లక్ష్యానికి ఎంత విలువో ముందే తేల్చనక్కర లేదు. అది ఒక్క జవాబు కాకుండా రాజీల వరుస మొత్తం చూపిస్తుంది.

తరానికి 100 మంది సభ్యులు (ఒక్కో సభ్యుడు అంటే పై నాలుగింటికీ ఒక విలువల కూర్పు), 200 తరాలు అనుకుంటే నమూనా 20,000 సార్లు నడవాలి. ఒక్కోసారి రెండు సెకన్లు పడితే పదకొండు గంటలు. రాత్రి మొదలుపెట్టి ఇంటికి వెళ్లండి. మొదటి తరంలో ఈ రోజు ప్లాంటు నడుస్తున్న స్థితిని కూడా ఒక సభ్యుడిగా చేర్చండి. రాత్రంతా నడిచి దానికంటే మెరుగైనది ఒక్కటీ రాకపోతే నమూనాలోనో ప్రోగ్రాములోనో తప్పుందేమో వెతకాలి.

హద్దులు రాయడంలో బద్ధకించవద్దు. నా మొదటి ప్రయత్నంలో ఆవిరి నిష్పత్తి 1.4 వద్ద అద్భుతమైన పొదుపు కనిపించింది. ఎగిరి గంతేశాను. ఆవిరి అంత తగ్గితే ఉత్ప్రేరకం మీద మసి పేరుకుంటుందన్న సంగతి నేను నమూనాకు చెప్పలేదు, చెప్పనిది దానికెలా తెలుస్తుంది? ఇప్పుడు 2.8 దిగువకు వెళ్లనివ్వను. హద్దు దాటినవాటికి జరిమానా అంకెలు వేయడం కన్నా, హద్దులో ఉన్నది ఎప్పుడూ హద్దు దాటిన దానికంటే మేలు అన్న దేబ్ నియమమే సులువు.

ఇక ట్యూబు గోడ. ట్యూబులను మామూలుగా లక్ష గంటల ఆయుష్షుకు రూపొందిస్తారు. ఇరవై డిగ్రీలు ఎక్కువ కాలిస్తే అది ఇంచుమించు సగమవుతుంది. నా ఫలితాలు చూపిస్తే మా సీనియర్ ఆపరేటర్ ఒకాయన, "సార్, మీ కంప్యూటర్ చెప్పేది సగటు వేడి. ట్యూబు పగిలేది సగటు దగ్గర కాదు కదా" అన్నారు. దూరం నుంచే వేడి కొలిచే పైరోమీటరుతో, కొలిమి గోడలోని పీప్‌హోల్ గుండా వరుసగా అన్ని ట్యూబులూ కొలిపించాను. అన్నిటికంటే వేడిగా ఉన్నది సగటుకన్నా 35 డిగ్రీలు పైన ఉంది. గోడ వేడి హద్దును అంత మేరా కిందికి దించి మళ్లీ నడిపితే, వరుసలో సగం జవాబులు ఎగిరిపోయాయి.

మిగిలినవాటిలో ఎంచుకున్నదాని కోసం ఆవిరి నిష్పత్తిని 3.3 నుంచి 3.0కు రోజుకు 0.1 చొప్పున దించాం. దించిన ప్రతిసారీ ఆయన పైరోమీటరు పట్టుకుని మరో చుట్టు తిరిగి వచ్చారు.