చిట్టి రాత్రి దగ్గు ఎట్టా తగ్గిందంటే

కావలిలో మా వీధి చివర ఇల్లు ఖాళీ చేసి పోతా ఒకళ్లు వదిలేసిన పొమేరియన్ కుక్కని మేం తెచ్చుకున్నాం, పేరు చిట్టి. 11 ఏళ్లది, నాలుగు కిలోలు కూడా లేదు, పళ్లు సగం ఊడిపోయినాయి పాపం. రాత్రయితే ఒకటే దగ్గు, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు. నెల్లూరు తీసకపోతే డాక్టర్ గారు ఎక్స్‌రే, ఎకో (గుండె స్కాన్) చూసి గుండెలో మైట్రల్ వాల్వ్, అంటే ఎడమ పక్క గదుల మధ్య కవాటం, లీకవుతా ఉండాది, చిన్న జాతి కుక్కలకి వయసొస్తే ఇది మామూలే అన్నారు. గుండె బలంగా కొట్టుకునేదానికి పిమోబెండాన్ మాత్ర రెండు పూటలా, ఊపిరితిత్తుల్లో నీరు లాగేదానికి ఫ్యూరోసెమైడ్.

పెరుగన్నంలో మాత్ర కలిపితే అన్నమంతా నాకేసి మాత్రని గిన్నె అంచుకి నెట్టేసేది. పైగా పిమోబెండాన్ తిండికి గంట ముందియ్యాలంట, అందుకని ఆరింటికి ఉడికిన చికెన్ ముక్కలో దూర్చి పెడతా, ఏడింటికి అన్నం. అప్పడం ముక్కలు బంద్, ఉప్పు పడదు. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాల, ఫ్యూరోసెమైడ్‌తో ఒంటేలు ఎక్కువ పోస్తాది కాబట్టి రాత్రి రెండింటికి ఒకసారి లేచి బయటికి తీసకపోతా.

అన్నిటికన్నా పనికొచ్చింది ఊపిరి లెక్క. నిద్రపోయేటప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తాదో నిమిషం చూసి క్యాలెండర్ మీద రాస్తా, 30 దాటితే ఫోన్ చెయ్యమన్నారు. ఒకరోజు 42 వచ్చింది, ఆ రాత్రే పరిగెత్తినాం, డోసు మార్చారు. నిన్న రాత్రి 22, దగ్గు లేదు, నా చీర కుచ్చిళ్ల మీద తల పెట్టి పడుకుంది.