హేజింగ్ జరగకుండా చాప్టర్‌ను నడపడం ఎలా?

అమెరికా విశ్వవిద్యాలయాలలో గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే విద్యార్థి సంఘాలలో యువకులవి ఫ్రెటర్నిటీలు, యువతులవి సొరారిటీలు. ఒక్కొక్క విశ్వవిద్యాలయంలో ఉండే సంఘం శాఖను చాప్టర్ అంటారు. చేరదలచిన విద్యార్థికి సంఘం మొదట 'బిడ్' అనే ఆహ్వానం ఇస్తుంది. ఆ తరువాత కొన్ని వారాల పాటు ఆ విద్యార్థి 'ప్లెడ్జ్'గా, అంటే సభ్యత్వం ఇంకా చేతికందని కొత్తవాడిగా ఉండి, చివరకు దీక్షా కార్యక్రమంతో పూర్తి సభ్యుడవుతాడు. హేజింగ్, అంటే సంఘంలో చేరేవారిని చేర్చుకునే పేరుతో అవమానించడం, బాధపెట్టడం, ప్రమాదంలోకి నెట్టడం, ఎక్కువగా పుట్టేది ఈ మధ్య వారాలలోనే. మన కళాశాలలలో ర్యాగింగ్‌కు గురయ్యేవాడు దాని నుంచి ఎలా తప్పించుకోవాలా అని చూస్తాడు. హేజింగ్‌కు గురయ్యేవాడు మాత్రం ఆ సంఘంలో స్థానం కోసం ఎదురు చూస్తున్నవాడు కనుక బాధను భరిస్తాడు, ఎవరైనా అడిగితే దాస్తాడు. అందుచేత 'ఇష్టం లేకపోతే చేయనక్కరలేదు' అని కొత్తవారికి చెప్పి ఊరుకోవడం నివారణ కాదు. బాధితుడు ఒప్పుకున్నాడనే వాదనను చాలా రాష్ట్రాల చట్టాలు కూడా అంగీకరించవు.

చాప్టర్ అధ్యక్షుడు గానీ, కొత్త సభ్యుల బాధ్యత చూసే ఆఫీసరు గానీ మొదట చేయవలసిన పని క్యాలెండర్ రాసుకోవడం. బిడ్ ఇచ్చిన రోజు నుంచి దీక్ష వరకు కొత్తవారు హాజరు కావలసిన ప్రతి సమావేశానికీ తేదీ, స్థలం, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఉద్దేశం, బాధ్యుల పేర్లు రాసి, దానిని కొత్తవారికీ, సలహాదారుకూ, విశ్వవిద్యాలయంలో గ్రీకు సంఘాల వ్యవహారాలు చూసే కార్యాలయానికీ ఒకే రోజున ఇవ్వాలి. ఆ కాగితంలో లేని సమావేశానికి వెళ్లనవసరం లేదని కొత్తవారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. 'ఈ రాత్రి పదకొండింటికి నల్ల చొక్కాలు వేసుకుని రండి, ఎందుకో అడగకండి' అనే సందేశాలకు అప్పుడు బలం ఉండదు.

క్యాలెండర్‌లోని ఒక్కొక్క అంశాన్నీ పరీక్షించడానికి మూడు ప్రశ్నలు చాలు. కొత్తవారి తల్లిదండ్రులు చూస్తుండగా ఈ పని చేయించగలరా? దీనిని ఎవరైనా వీడియో తీస్తే అభ్యంతరం ఉంటుందా? పాత సభ్యులు కూడా ఇదే పనిని, ఇంతే మోతాదులో, కొత్తవారితో కలిసి చేస్తారా? మొదటి రెండింటికీ వాదించి ఏదో ఒక జవాబు చెప్పవచ్చు గానీ, మూడవ ప్రశ్న దగ్గర చాలా 'సంప్రదాయాలు' నిలబడలేవు. సభ్యులు కలిసి ఉండే సంఘం ఇంటిని అందరూ వంతుల ప్రకారం శుభ్రం చేస్తే అది ఇంటిపని. కొత్తవారిని మాత్రమే తెల్లవారుజామున లేపి చేయిస్తే అది హేజింగ్. సంఘం చరిత్ర నేర్పడం తప్పు కాదు. చెప్పలేనివాడిని గోడకు ఆనించి నిలబెట్టడం తప్పు. దెబ్బలు, మద్యం లేనంత మాత్రాన హేజింగ్ కాదనుకోకూడదు. నిద్ర లేకుండా చేయడం, ఫోను లాక్కోవడం, రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం, శరీరాకృతిని బట్టి వరుసలో నిలబెట్టడం వంటివి బయటికి కనిపించవు కనుకనే ఎక్కువ కాలం సాగిపోతాయి.

ప్లెడ్జ్ కాలాన్ని వీలైనంత తగ్గించడం మరొక మార్గం. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అనే జాతీయ ఫ్రెటర్నిటీ 2014లో ప్లెడ్జ్ దశనే ఎత్తివేసి, బిడ్ స్వీకరించినవారికి 96 గంటల లోపల సభ్యత్వం ఇవ్వాలని నిర్ణయించింది. పరీక్షాకాలమే లేకపోతే పరీక్షించే అధికారమూ ఉండదన్న ఆ తర్కం సరైనదే. అయితే కాగితం మీద రద్దు చేయడం వేరు, ఆచరణలో పోవడం వేరు. చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల ఫ్రెటర్నిటీలు, సొరారిటీలు సభ్యులుగా ఉన్న నేషనల్ పాన్-హెలెనిక్ కౌన్సిల్ 1990లోనే ప్లెడ్జింగ్‌ను రద్దు చేసినా, అది చాలా చోట్ల రహస్యంగా కొనసాగింది. 'కష్టపడకుండా కాగితం మీద సంతకం చేసి వచ్చినవాడు' అంటూ కొత్తవారిని చిన్నచూపు చూడడం మిగిలిపోయింది. కాబట్టి గడువు తగ్గించేటప్పుడే, ఓటు హక్కు, కమిటీలలో స్థానం, సంఘం చిహ్నాలు ధరించే హక్కు కొత్తవారికి మొదటి రోజు నుంచే ఇవ్వాలి. పాతవారి చేతిలో ఆపి ఉంచడానికి ఏమీ మిగలనప్పుడే ఆ చిన్నచూపుకు పట్టు దొరకదు.

క్యాలెండర్‌లో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన రాత్రి ఒకటి ఉంది. కొత్త సభ్యుడికి ఒక పాత సభ్యుడిని 'బిగ్ బ్రదర్'గా జతచేసే రాత్రి అది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2017 నవంబరులో, వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయంలో 2021 ఫిబ్రవరిలో, ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2021 మార్చిలో ముగ్గురు విద్యార్థుల మరణాలకు దారితీసినవి ఇటువంటి రాత్రులే. మూడు చోట్లా కొత్తవాడి చేతికి వచ్చింది సీసా విస్కీయే. మూడూ క్యాంపస్ బయటి ఇళ్లలోనే జరిగాయి. 15 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని ఫ్రెటర్నిటీ ఇళ్లలో నిషేధిస్తూ ఫ్రెటర్నిటీల సమాఖ్య అయిన నార్త్ అమెరికన్ ఇంటర్‌ఫ్రెటర్నిటీ కాన్ఫరెన్స్ 2018లో చేసిన తీర్మానం మంచిదే గానీ, సీసా పక్క వీధిలోని అద్దె ఇంటికి మారితే ఆ నియమం అక్కడికి చేరదు. జతల ప్రకటన పగటిపూట, జతలన్నీ ఒకేచోట ఉండగా, మద్యం లేకుండా జరగాలి. ఆ సాయంత్రం జతలు విడివిడిగా ఎవరి గదులకు వారు వెళ్లే 'రెండో విడత' ఉండదని బిగ్ బ్రదర్‌ల చేత ముందే సంతకం చేయించుకోవాలి. మద్యం తాగడానికి చట్టబద్ధమైన వయసు 21 సంవత్సరాలు కాగా, కొత్తవారిలో చాలామందికి అది నిండి ఉండదు. సీసా కొనిచ్చిన వ్యక్తి ఆ ఒక్క పనితోనే నేరం చేసినవాడవుతాడు.

ఇంత చేసినా ఒక రాత్రి అదుపు తప్పవచ్చు. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2017 ఫిబ్రవరిలో బాగా తాగించిన తరువాత మెట్ల మీద నుంచి పడిపోయిన విద్యార్థి కోసం అత్యవసర సహాయ నంబరు 911కు ఫోన్ చేసేసరికి దాదాపు 12 గంటలు గడిచాయి. వెల్లకిలా దొర్లి వాంతి గొంతుకు అడ్డుపడకుండా ఆ రాత్రి అతని వీపుకు పుస్తకాల సంచి తగిలించారు. అంటే ప్రమాదం ఉందని అక్కడివారికి తెలుసు, ఫోన్ చేయడానికే భయం. ప్రతి సభ్యుడికీ ముందుగా నేర్పవలసిన లక్షణాలు ఇవి: లేపినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ శ్వాసలు, రెండు శ్వాసల మధ్య పది సెకన్లు లేక అంతకు మించిన విరామం, చర్మం చల్లబడి నీలం రంగుకు తిరగడం, నిద్రలోనే వాంతి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 911కు ఫోన్ చేసి, ఆ వ్యక్తిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, వైద్యసిబ్బంది వచ్చేవరకు పక్కనే ఉండాలి. తాగడం ఆపిన తరువాత కూడా రక్తంలో ఆల్కహాల్ కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది కనుక 'పడుకుంటే దిగిపోతుంది' అన్నమాట నమ్మకూడదు. ఫోన్ చేస్తే చాప్టర్ మూతపడుతుందనే భయాన్ని కూడా ముందే తీర్చాలి. ఫ్లోరిడా 2019లో చేసిన చట్టం, సహాయం కోసం మొదట ఫోన్ చేసి అక్కడే ఉండి సహకరించినవారికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించింది. మీ రాష్ట్ర చట్టంలోనూ, మీ విశ్వవిద్యాలయ నియమావళిలోనూ ఇటువంటి మినహాయింపు ఏమని ఉందో చదివి, ఆ వాక్యాలనే ముద్రించి ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి.

ఫిర్యాదులు వాటంతటవి వస్తాయని ఆశించకూడదు. మెయిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రకటించిన జాతీయ అధ్యయనంలో, సంఘాలలోనూ క్రీడా జట్లలోనూ పాల్గొనే విద్యార్థులలో 55 శాతం మంది హేజింగ్‌ను అనుభవించినట్లు తేలింది; తమకు జరిగింది హేజింగే అని గుర్తించినవారిలో కూడా 95 శాతం మంది దానిని క్యాంపస్ అధికారులకు చెప్పలేదు. అందువల్ల కొత్తవారితో వారానికొకసారి మాట్లాడే బాధ్యతను చాప్టర్ బయటి వ్యక్తికి, వీలైతే ఆ విశ్వవిద్యాలయంలో చదవని సలహాదారుకు అప్పగించడం మేలు. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వడానికి 1-888-668-4293 అనే జాతీయ ఫోన్ నంబరు కూడా ఉంది. దానిని బిడ్ లేఖలోనే చేర్చడానికి వెనుకాడే చాప్టర్ ఎందుకు వెనుకాడుతున్నదో ఆలోచించుకోవాలి.

బిడ్ అందుకున్న విద్యార్థి, అతని తల్లిదండ్రులు సంతకం పెట్టకముందే చూడదగినది ఇప్పుడు మరొకటి ఉంది. 2024 డిసెంబరులో చట్టమైన స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ ప్రకారం, హేజింగ్ నియమాలను ఉల్లంఘించినట్లు తేలిన సంఘాల వివరాలను విశ్వవిద్యాలయాలు బహిరంగ నివేదికగా ప్రచురించాలి. ఆ నివేదికలో చాప్టర్ పేరు కనిపిస్తే, ఆ తరువాత ఏమేమి మార్చారో అధ్యక్షుడినే అడగండి. పేరు లేకపోయినా క్యాలెండర్ అడగండి. ఇస్తే, దాని నకలు ఒకటి ఇంట్లోవారి దగ్గర ఉంచండి. అందులో లేని రాత్రి పిలుపు వచ్చినప్పుడు ఆ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి వారికి పంపిన తరువాతే, వెళ్లాలో వద్దో నిర్ణయించుకోండి.